బర్రె ముందు చెప్పిన మాట

ముప్పై నాలుగేళ్ల వయసులో నాకు శాలువా కప్పారు. మెడలో దండ వేసి గోడ గడియారం చేతిలో పెట్టారు. మా మాణిక్యం సారు, మైకు లేకపోయినా మైకు ముందు నిలబడినట్టే నిలబడి, "శేష జీవితం ఆయురారోగ్యాలతోని గడపాలె" అని దీవించారు. అప్పటికి మా నాన్న ఇంకా రిటైర్ కాలేదు. తాండూరులో బండల పాలిష్ మిల్లుకు రోజూ పోతూనే ఉన్నాడు. శాలువాతో ఇంటికొచ్చిన నన్ను గడపలోనే ఆపి పైకీ కిందికీ చూసి, "నాకంటే ముందే అయిపోయినవా?" అన్నాడు.

అయిపోయింది నేను కాదు, నా పని. కంప్యూటర్‌లో ఒక కల్పిత లోకం ఉంటుంది. అందులో మనుషులు బొమ్మల రూపంలో తిరుగుతూ, రాతలో మాట్లాడుకుంటారు. ఆ మాటలను బయటి వాళ్ల ఫోన్లలోని మెసేజ్ గ్రూపులకు చేర్చడం, ఫోన్లలో రాసిన మాటలను ఆ లోకంలోకి తేవడం నా ఉద్యోగం. మేము దాన్ని వంతెన పని అనేవాళ్లం. వికారాబాద్ స్టేషన్ రోడ్డులో ఒక టిఫిన్ సెంటర్ మీద రెండు గదుల ఆఫీసు. కిందినుంచి ఎప్పుడూ పోపు వాసన. తాండూరు నుంచి పొద్దున రైల్లో పోయి సాయంత్రం రైల్లో వచ్చేవాణ్ని.

ఇప్పుడు నేను చదివిన పాలిటెక్నిక్ పిల్లలు కొందరు ఇలాంటి పనిలోనే చేరుతున్నారు. ఏ పుస్తకం చదవాలి, ఏ భాష నేర్చుకోవాలి అని నన్ను అడుగుతున్నారు. అవి ఎక్కడైనా దొరుకుతాయి. దొరకనిది ఒకటుంది. ఒక బర్రె, ఒక పొట్టేలు, ఒక తువ్వాల నాకు నేర్పింది. అది రాస్తున్నాను.

ముందు పని ఏమిటో

మా లోకం పేరు చౌరస్తా. నాలుగు బజార్లు, ఒక చాయ్ హోటల్, ఒక క్రికెట్ మైదానం, ఎక్కడానికి మెట్లు పెట్టడం మరిచిపోయిన ఒక నీళ్ల ట్యాంకు. లోపలికీ బయటికీ ఉన్న తేడాలు మూడే మూడు.

ఒకటి: లోపల మనిషికి ఒళ్లు ఉంటుంది, బయట ఉండదు.

రెండు: లోపల మాటకు దూరం ఉంటుంది. పక్కన నిలబడినవాడికి వినపడుతుంది, బజారు అవతలివాడికి వినపడదు. ఫోను గ్రూపులో ఒకడు గొణిగినా అందరికీ అదే సైజులో వినపడుతుంది.

మూడు: లోపల మాట తల మీద కాసేపు తేలి మాయమవుతుంది. ఫోనులో మాట, ఫోను పోయేదాకా ఉంటుంది. కొత్త ఫోను కొన్నా వెంట వస్తుంది.

నాలుగోది ఉంటుందనుకుని చాలాకాలం వెతికాను. లేదు. మీకు ఎదురయ్యే ప్రతి తలనొప్పీ ఈ మూడింట్లో ఏదో ఒకదాని సంతానమే.

ఒళ్లు లేనివాళ్లకు ఒళ్లు

మొదటి తలనొప్పి ఒకటో తేడా నుంచి వచ్చింది. ఫోనులోంచి మాట పంపినవాడికి లోపల బొమ్మ లేదు. మరి ఆ మాట ఎవరి నోట్లోంచి రావాలి? నేను పోస్టు డబ్బా పెడదామన్నాను. సారు లౌడ్‌స్పీకర్ అన్నారు. బొమ్మలు గీసే గీత మోమిన్‌పేట్ నుంచి బస్సులో వచ్చేది. బస్సులో నిలబడి వచ్చిన రోజు ఎవరి మాటా పడేది కాదు.

"డబ్బా కొత్తగ గియ్యాలె. స్పీకర్ గూడ కొత్తగ గియ్యాలె. నా దగ్గర తయారుగ ఉన్నది ఒక్కటే. బర్రె."

"బర్రె మాట్లాడుతదా గీతా?" అన్నాను.

"నువ్వు మాట్లాడుతలేవా అన్నా?"

అలా బర్రె ఖాయమైంది. బయటినుంచి వచ్చే ప్రతి మెసేజూ చౌరస్తా మధ్యలో నిలబడ్డ ఆ బర్రె నోట్లోంచి, పంపినవాళ్ల పేరుతో సహా వచ్చేది. ఆడుకునే పిల్లల అమ్మలు ఇంటినుంచి గ్రూపులో రాసేవాళ్లు. క్రికెట్ మంచి రంజుమీద ఉండగా బర్రె నోరు తెరిచి, "పద్మమ్మ: అన్నం సల్లారిపోతుంది, లెవ్వు" అనేది. ఆట ఆగిపోయేది. పద్మమ్మ కొడుకు ఒక్కడే కాదు, నలుగురైదుగురు లేచి తినడానికి పోయేవాళ్లు.

తరవాత ఇంకో చిక్కు వచ్చింది. బర్రె ఒకచోటే నిలబడితే దూరంగా ఉన్నవాడికి జవాబు వినపడదు. అది రెండో తేడా. అందుకని నేను ఒక నియమం రాశాను: ఎవరి మాటకు జవాబు వస్తే, బర్రె వాళ్ల దగ్గరికి నడిచి పోయి చెప్పాలి. రాసినప్పుడు చాలా చక్కగా ఉందనిపించింది. ఈ నియమాన్ని గుర్తుపెట్టుకోండి.

మాణిక్యం సారు

సారు గురించి దాచకుండా చెప్తాను, ఆయనా చదువుతారని తెలిసే. లేని వస్తువును అమ్మడంలో ఆయనను మించినవాళ్లను నేను చూడలేదు. ముందు అమ్మి, తరవాత మెట్లెక్కి వచ్చి, "తమ్మీ, మనం గిట్లాంటిది జేస్తమా?" అని అడిగేవారు. చెయ్యలేమంటే అలిగేవారు. చేస్తామంటే, "ఎల్లుండికి కావాలె" అనేవారు.

ఆయనలో ఒక మంచి గుణం కూడా ఉంది. పని చెడితే కస్టమర్ ముందు మా పేరు ఎత్తేవారు కాదు. "మా బర్రెకు జర పానం బాగలేదు" అనేవారు. వాళ్లు నమ్మేవాళ్లు. ఈ పనిలో అట్లాంటి పై అధికారి దొరికితే మిగతా లోపాలన్నీ ఓర్చుకోవచ్చు.

తిరిగి తిరిగి వచ్చిన శనార్తి

ఒక చిన్న సంగతి, ఎందుకంటే ఇది మీకు మొదటి నెలలోనే జరుగుతుంది. ఒక కుర్రాడు తన దోస్తుల గ్రూపును చౌరస్తాకు మా వంతెనతో కలిపాడు. అది చాలదని వాడే ఒక వంతెన తయారుచేసి రెండోసారి కలిపాడు. ఎవరో పెద్దమనిషి లోపల నమస్కారంగా "శనార్తి" అన్నాడు. అది మా వంతెన మీదుగా ఫోన్లకు పోయింది. వాడి వంతెన మీదుగా లోపలికి తిరిగొచ్చింది. మళ్లీ బయటికి పోయింది. కాసేపటికి బర్రె ఊపిరి తీసుకోకుండా శనార్తి అంటోంది. మర్యాదస్తులు కొందరు దానికి తిరిగి శనార్తి చెప్తున్నారు. అవి కూడా తిరగడం మొదలుపెట్టాయి.

వైరు పీకి ఆపాను. ఆ మర్నాటి నుంచి వంతెన దాటే ప్రతి మాట మీదా "ఇది ఫలానా దారిన వచ్చింది" అని కంటికి కనపడని ముద్ర వేశాను. ముద్ర ఉన్న మాట రెండోసారి వంతెన దాటదు. ఈ పని మొదటిరోజే చేయండి. మన దగ్గర పలకరిస్తే బదులు పలకకుండా ఎవరూ ఉండరు.

గొర్రెల సంత

సారు ఒకరోజు మెట్లెక్కి వచ్చారు. ముఖం చూస్తేనే ఏదో అమ్మి వచ్చారని తెలిసింది.

"తమ్మీ, కంప్యూటర్ల సంత పెట్టొచ్చా? గొర్రెల సంత."

కుల్కచర్ల వైపు గొర్రెలు పెంచేవాళ్లు కొందరు, తాండూరు వైపు కొనేవాళ్లు కొందరు ఆయనకు దొరికారు. లారీ కిరాయి పెట్టుకుని గొర్రెలను సంతకు తోలడం, ధర కుదరక మళ్లీ ఇంటికి తోలడం అందరికీ నష్టమే. చౌరస్తాలో ఇంకో మైదానం తీసి దొడ్లు కట్టి, ప్రతి దొడ్డికీ గొర్రెల ఫొటోలూ వీడియోలూ తగిలిస్తే, కొనేవాళ్లు లోపల తిరిగి చూసుకుంటారు. బేరం మాటల్లో కుదిరాక, మనిషి పోయి గొర్రెను నడుం పట్టి చూసి తోలుకుపోతాడు. అమ్మేవాళ్ల ఫోన్లకు చౌరస్తాను మోసే బలం లేదు. వాళ్లు గ్రూపులో ఉంటారు. వాళ్ల తరఫున సంత మధ్యలో నిలబడి బర్రె మాట్లాడుతుంది.

కొనేవాళ్లలో పెద్దవాడు రుద్రప్ప. తాండూరు వ్యాపారి, ఇంట్లో కన్నడం, బజార్లో మన భాష. అల్లుడి ఫోన్ల దుకాణంలో కంప్యూటర్ ముందు కూర్చుని సంతకు వచ్చేవాడు. గీత ఆయనకు ప్యాంటు షర్టు బొమ్మ ఇస్తే ఫోన్ చేసి గొడవ చేశాడు.

"తువ్వాల ఏది? భుజం మీద తువ్వాల లేకుంట సంతకు వచ్చుడంటే బట్టల్లేకుంట వచ్చుడే తల్లీ!"

గీత గొణుక్కుంటూ రెండు రోజులు కూర్చుని తువ్వాల అల్లింది. ముసలాయన సోకు అనుకున్నాం. ఆ తువ్వాల ఎందుకో ఒక్కరం కూడా అడగలేదు.

అమ్మేవాళ్లలో బాలమణి ముఖ్యురాలు. ఆమె ఊ అంటే కుల్కచర్ల గ్రూపు ఊ అంటుంది. రాయదు, ఫోనుతో మాట్లాడుతుంది, అదే రాతగా మారి వస్తుంది. ఆమె అమ్మకానికి పెట్టింది ఒకే ఒక పొట్టేలు. పేరు భీమన్న. వాడి తల్లి ఈనుతూనే చనిపోతే సీసాతో పాలు తాపి పెంచింది. రెండున్నరేళ్లు మందకు విత్తనపు పొట్టేలుగా ఉన్నాడు. ఇక ఉంచుకోవడానికి లేదు.

"వాని బిడ్డలే ఎదకొచ్చిన్రు" అని మొదటిరోజే చెప్పింది. "వాడు ఇంకో మందకు పోవాలె. ఇంకో మందకే పోవాలె. కోతకు ఇయ్య. ఎంతకైనా ఇయ్య."

భీమన్న మందకు పోతాడా, కత్తికి పోతాడా అన్నదే ఆ సంత మొత్తంలో ఆమెకు కావలసిన సంగతి.

ఆ ఆదివారం

సంత మొదలైన కొన్ని వారాలకు ఫోనువాళ్లు ఒక ఫిర్యాదు పట్టుకొచ్చారు. కొనేవాళ్లు బర్రెకు దూరంగా నిలబడి మాట్లాడితే తమ ఫోన్లకు ఏమీ రావడం లేదని. నిజమే. బర్రె చుట్టుపక్కల మాటలనే నేను బయటికి పంపుతున్నాను.

"మొత్తం ఇడువు తమ్మీ" అన్నారు సారు. "సంతల పలికిన ప్రతి మాట ఫోన్లకు పోవాలె."

"పక్కపక్కన నిలబడి గుసగుసలాడుకున్నవి కూడానా సార్?"

"సంతల గుసగుసలేంది? గొర్రెలేమన్న కోర్టుకు పోతయా?"

మధ్యాహ్నం కూర్చుని దూరం లెక్క తీసేశాను. ప్రోగ్రాంలో ఒకే ఒక వరస. తీసేయడమంత సులువు ఇంకేదీ ఉండదని అప్పుడే గమనించాల్సింది.

ఆదివారం ఆఫీసులో గీత, నేను తెర మీద సంత చూస్తున్నాం. రుద్రప్ప బొమ్మ తువ్వాలతో వచ్చి బర్రె ముందు నిలబడింది.

"అక్కా, మా బావ మంద కోట్‌పల్లి చెరువు కాడ ఉన్నది. భీమన్నను విత్తనానికే తీస్కపోత. పువ్వు లెక్క చూస్కుంటరు."

బర్రె అంది: "బాలమణి: నిజంగనా సేటూ?"

"మల్లప్ప దేవుని మీద ఒట్టు."

"బాలమణి: జర ఆగు. మా ఇంటాయనను అడిగి చెప్త."

రుద్రప్ప సరేనని, తన పొత్తుదారు శరణప్పతో కలిసి మైదానం చివరికి, ఆఖరి దొడ్డి వెనక్కి నడిచాడు. బర్రెకు అందనంత దూరం. అక్కడ ఇద్దరూ మాట్లాడుకున్నారు.

"మీ బావకు పొట్టేలు ఎందుకప్పా?" అన్నాడు శరణప్ప.

"ఏ బావ? జాతర దావత్‌కు మంచి కండ ఉన్న పొట్టేలు అడిగిన్రు. ఆయమ్మ పానం దాని మీదనే ఉన్నది. మెత్తగ మాట్లాడితే ఇస్తది."

ఆ రెండు మాటలూ తెర మీద తేలి మాయమయ్యాయి. కుల్కచర్లలో ఫోన్ల మీద మాత్రం మాయం కాలేదు.

 తరవాత మైదానం మధ్యలో నిలబడ్డ బర్రె తల తిప్పింది. నడవడం మొదలుపెట్టింది. దొడ్ల మధ్యనుంచి, కొనేవాళ్లను తప్పించుకుంటూ, తొందర లేకుండా, సూటిగా ఆఖరి దొడ్డి వెనక్కి పోయి రుద్రప్ప ముఖంలో ముఖం పెట్టి నిలబడింది.

"బాలమణి: నా భీమన్నను కోస్తవా?"

రుద్రప్ప బొమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. బర్రె రెండడుగులు ముందుకు వేసింది.

"బాలమణి: ఒట్టు వెడ్తివి గదరా! మల్లప్ప మీద వెడ్తివి!"

రుద్రప్ప పరుగెత్తాడు. బర్రె వెంట పరుగెత్తింది. జవాబు ఎవరికో వాళ్ల దగ్గరికి పోయి చెప్పాలన్న నా నియమం అక్షరాలా నడుస్తోంది. అప్పటికి గ్రూపు మొత్తం అందుకుంది. అందరి తిట్లూ అదే నోట్లోంచి, అందరి పేర్లతో. రుద్రప్ప చాయ్ హోటల్లోకి దూరితే అక్కడికి పోయింది. క్రికెట్ మైదానంలోకి పోతే పిల్లలు ఆట ఆపి చప్పట్లు కొట్టారు. చివరికి ఆయన అల్లుడు దుకాణంలో కరెంటు స్విచ్ ఆపేసినట్టున్నాడు, బొమ్మ మాయమైంది. బర్రె ఖాళీ స్థలం ముందు నిలబడి ఇంకా తిడుతూనే ఉంది.

గీత నవ్వు ఆపుకోలేక టేబుల్ మీద తల పెట్టింది. నేను నవ్వలేకపోయాను. రుద్రప్ప పోతే కొనేవాళ్లు పోతారు. బాలమణి పోతే అమ్మేవాళ్లు పోతారు. ఎవరు పోయినా సంత ఉండదు.

సోమవారం రైలు

మర్నాడు తాండూరు స్టేషన్‌లో నా పెట్టెలోనే ఒక పెద్దమనిషి ఎక్కాడు. భుజం మీద తువ్వాల. గొంతు వినగానే గుర్తుపట్టాను. ఆయన నన్ను ఎప్పుడూ చూడలేదు.

వికారాబాద్ దాకా పెట్టెలో అందరికీ తన కథ చెప్పాడు. "ఇద్దరు మనుషులు చెవిల మాట్లాడుకుంటే ఊరంత చాటింపు వేస్తరా? ఈ కంప్యూటర్ పోరగాండ్లకు సంత తెలుసా? గొర్రె తెలుసా? నువ్వే చెప్పు తమ్మీ."

"తప్పేనండి" అన్నాను.

"జర సదువుకున్నట్టున్నవు. వాళ్లకు నీ అసుంటి బుద్ధి ఉండాలె." సీతాఫలం ఒకటి నా చేతిలో పెట్టాడు. తిన్నాను. ఏం చేయను.

ఆయన వెనకే నేనూ మెట్లెక్కి, సారు పక్కన కూర్చునేసరికి రుద్రప్ప నోరు తెరిచి, పండు తిరిగి అడగాలా వద్దా అన్నట్టు చూశాడు. గది మూలలో అప్పటికే బాలమణి కూర్చుని ఉంది. పొద్దున మొదటి బస్సుకు వచ్చిందట.

"రా సేటూ. ఒట్టు తిన్న నోరు ఎట్లుంటదో చూద్దమని వచ్చిన."

"అక్కా, నీతోని నాకు పంచాయతీ లేదు. వీళ్లతోని ఉన్నది." ఆయన సారు వైపు తిరిగాడు. "సారూ, చెయ్యి తే."

సారు భయంగా చెయ్యి చాపారు. రుద్రప్ప భుజం మీది తువ్వాల తీసి ఆ చేతిమీద కప్పి, తన చెయ్యి కిందికి పోనిచ్చాడు. తువ్వాల కింద వేళ్లు కదిలాయి.

"ఇప్పుడు నేను నీ కుర్చీకి ధర కట్టిన. ఏ వేలు పట్టిన, ఎన్ని వేళ్లు పట్టిన నీకెరుక, నాకెరుక. ఈ పిల్లకు తెలిసిందా? ఈ తమ్మికి తెలిసిందా? తెల్వదు. సంత అంటే ఇది. నువ్వు పెట్టినది సంత గాదు, రేడియో."

సారు తువ్వాల వంక చూసి, ఉండబట్టలేక, "గా కుర్చీకి గంతేనా?" అన్నారు.

గీత నాకు మాత్రమే వినపడేలా అంది: "సార్ గూడ బర్రే అన్నా."

నాకు మాత్రం అప్పుడు వెలిగింది. తువ్వాల కింద మాట, పక్కపక్కన నిలబడి అనుకునే మాట. నేను మధ్యాహ్నం కూర్చుని ఆ ఒక్క వరస తీసేయడమంటే, సంతలోంచి తువ్వాలను లాగేయడమే. ఆయనకు భుజం మీద తువ్వాల గీసి ఇచ్చాం. దాని పని లాక్కున్నాం.

ఇక్కడితో అయితే రుద్రప్ప గెలిచినట్టే. కానీ బాలమణి లేచి వచ్చి టేబుల్ ముందు నిలబడింది.

"ధర తువ్వాల కింద అడుగు సేటూ, ఎవ్వరు వద్దన్నరు? మా తాత గూడ అట్లనే అమ్మిండు. గని దేనికి తీస్కపోతున్నవో అది తువ్వాల మీద చెప్పాలె. విత్తనానికా, కోతకా, నలుగురు వినంగ చెప్పాలె. నీ తువ్వాల కింద ఉన్నది ధర గాదు. నా భీమన్న తలకాయ."

 కింద టిఫిన్ సెంటర్‌లో దోశ పెనం మీద నీళ్లు చల్లిన చప్పుడు వినపడింది.

రుద్రప్ప తేరుకున్నాడు. "మరి నువ్వో? మొన్న బర్రె ఏమన్నది? 'వదినా, ఆ ముసలి గొర్రె నోరు తెరవనియ్యకు, ముందటి పండ్లు ఊడినయ్' అన్నది. నేను దాని ముంగటనే నిలబడ్డ!"

బాలమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అది మా వదినకు చెప్పిన."

"నేను శరణప్పకు చెప్పిన!"

ఇద్దరూ ఒక్కసారి నా వైపు చూశారు. ఈ వృత్తిలో నా జీవితం మొత్తం ఆ చూపు కింద గడిచిందని చెప్పవచ్చు. అందరూ ఎవరికో ఒకరికి చెప్తారు. ఎవరికి చెప్పారో వంతెనకు తెలియాలి.

బర్రె ముందు

సారు గొంతు సవరించుకుని, "మా బర్రెకు జర పానం..." అని మొదలుపెట్టారు. బాలమణి ఆయనను చేత్తో ఆపింది.

"సేటూ, నీకు కోట్‌పల్లి కాడ బావ ఉన్నడా, లేడా?"

"ఉన్నడు. మంద గూడ ఉన్నది. నిజంగనే ఉన్నది."

"ఆ మందకు పొట్టేలు ఉన్నదా?"

రుద్రప్ప భుజం మీద తువ్వాల సర్దుకున్నాడు. "ముసలిదయింది. మార్చాలె."

"అయితే భీమన్నను ఆడికే తీస్కపో. ఇస్త."

"సరే. తీస్కపోత. మాట."

"నాకు గాదు. బర్రె ముంగట చెప్పు."

"మనిషివి ఎదురుంగ కూసున్నవు గదా అక్కా! నీకు చెప్తే సాలదా?"

"నాకు నిన్న చెప్పినవు గదా."

 గీత తన కుర్చీ ఖాళీ చేసింది. రుద్రప్ప అద్దాలు పెట్టుకుని అందులో కూర్చున్నాడు. చౌరస్తాలో ఆయన బొమ్మ, నిన్న మాయమైన చోటే ప్రత్యక్షమైంది. బర్రె ఇంకా అక్కడే ఉంది. ఆయన ఒక వేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాశాడు. ఎవరమూ సాయం పోలేదు. పోవాలనిపించలేదు.

"రుద్రప్ప అను నేను భీమన్నను విత్తనానికే తీస్కపోతున్న. కొయ్యను. కోతకు అమ్మను."

బాలమణి చేతిలోని ఫోను మోగింది. ఆయన బల్లకు ఇవతల, ఆమె అవతల. అయినా ఫోను తీసి, గీతతో పైకి చదివించుకుని విన్నది. వెంటనే బర్రె నోరు తెరిచింది. కుల్కచర్ల గ్రూపు ఊరుకుంటుందా?

"ఎల్లయ్య: ఎన్నేండ్లు?"

"నాగమణి: నమ్ముడెట్ల? ప్రతి ఐతారం వాని ఫొటో పెట్టాలె."

"ఎల్లయ్య: నిలబడ్డ ఫొటో పెట్టాలె. పండుకున్నది వద్దు."

రుద్రప్ప బర్రె ముఖంలోకి చూశాడు. కంప్యూటర్ తెరలోని బొమ్మ ముఖంలోకి ఒక మనిషి అంత సీరియస్‌గా చూడడం నేను మళ్లీ చూడలేదు. "పెడ్త" అని రాశాడు.

తరవాత లేచి, తువ్వాల తీసి, బాలమణి చేతిమీద కప్పాడు. వేళ్లు చాలాసేపు కదిలాయి. ఆమె తల అడ్డంగా ఊపింది, మళ్లీ కదిలాయి, నిలువుగా ఊపింది. మా కంప్యూటర్ సంతలో జరిగిన అన్నిటికంటే పెద్ద బేరం మా ఆఫీసు బల్ల మీద, బట్ట కింద జరిగింది. ధర ఎంతో ఇప్పటికీ నాకు తెలియదు. సారు రెండుసార్లు అడిగారు. చెప్పలేదు.

ఆ వారం నేను చేసిన పని: ఇద్దరు కావాలనుకుంటే తెర మీద తువ్వాల పరుచుకోవచ్చు. ఇద్దరూ చెయ్యి పెట్టాలి, ఒకరు పెడితే పరుచుకోదు. దాని కింది మాట ఎక్కడికీ పోదు. గ్రూపులో వదినకు చెప్పాల్సింది వదినకే పోయేలా ఫోన్లకూ అలాంటిదే ఇచ్చాను. బేరం ఖాయం కావాలంటే మాత్రం, దేనికి కొంటున్నారో బర్రె ముందు నిలబడి చెప్పాలి. ఇందులో నా తెలివి ఏమీ లేదు. సంతకు ముందునుంచే ఉన్న పద్ధతిని తిరిగి సంతకు ఇచ్చాను. మీరు ఏ పని కలుపుతున్నారో, ఆ పనివాళ్లు వైర్లు లేనప్పుడు ఎలా మాట్లాడుకునేవాళ్లో ముందు పోయి చూడండి. రెండు రోజులు పెట్టి తువ్వాల గీసేముందు, అది ఎందుకని ఒక్క ముక్క అడగండి.

చివర

చౌరస్తా ఆగిపోవడానికి కారణం ఏ తప్పూ కాదు. ఆడుకునే పిల్లలు పెద్దవాళ్లయ్యారు. చిన్న ఫోన్లలోనే వీడియోలు బాగా రావడం మొదలైంది. సంతవాళ్లు దొడ్డి దగ్గర నిలబడి నేరుగా చూపించుకుంటున్నారు. లోపలికి వచ్చేవాళ్లు తగ్గి తగ్గి, ఆఖరి నెలల్లో బర్రె ఒక్కతే నిలబడి ఉండేది. ఒక శుక్రవారం గీత స్విచ్ ఆపింది. ఆపేముందు బర్రెను నీళ్ల ట్యాంకు మీద నిలబెట్టింది. "ఒక్కసారన్న ఎక్కాలె గదా" అంది. నాకు శాలువా కప్పింది ఆ సాయంత్రమే.

రుద్రప్ప ఆ సోమవారం నుంచి ఒక్క ఆదివారం తప్పకుండా ఫొటో పెడుతూ వచ్చాడు, నిలబడ్డదే. కోట్‌పల్లి మందలో కూడా భీమన్న బిడ్డలు ఎదకు వచ్చాక మళ్లీ మార్చాల్సి వచ్చింది. వేరే మందకు అడిగినవాళ్లను రుద్రప్ప ఎవరినీ నమ్మలేదు. తెచ్చి తాండూరులో తన ఇంటి వెనక కట్టుకున్నాడు. రైల్లో కలిసినప్పుడు ఎందుకండీ అని అడిగాను.

"ఏం జెయ్యాలె తమ్మీ. బర్రె ముంగట చెప్పిన గదా."

చౌరస్తా ఆగిన తరవాతి ఆదివారం. ఇంట్లో ఉన్నాను. నాన్న మంచం మీద పడుకుని గోడకు కొత్తగా తగిలించిన గడియారం వంక చూస్తున్నాడు. ఫోను మోగింది. సంత లేకపోయినా గ్రూపు ఉంది. రుద్రప్ప ఫొటో పెట్టాడు. భీమన్నకు ముసలితనం వచ్చింది, మూతి తెల్లబడింది, నిలబడే ఉన్నాడు. నోట్లో ఏదో బట్ట కొస వేలాడుతోంది. కింద బాలమణి మాట వచ్చింది. అది పైకి చెప్పడానికి ఇప్పుడు ఎక్కడా ఎవరూ లేరు. నేనే లేచి నిలబడి పైకి చదివాను.

"బాలమణి: నీళ్లు తాగిండా?"

నాన్న ఒత్తిగిలి నన్ను వింతగా చూశాడు. జవాబు వచ్చేదాకా నిలబడే ఉన్నాను. వచ్చాక అదీ చదివాను.

"రుద్రప్ప: తాగిండు. తువ్వాల గూడ తిన్నడు."